కాకి ముట్టిన గది

మా అత్తగారింట్లో వెనక బావి పక్కన ఒక గది ఉండేది. చిన్న కిటికీ, కురచ తలుపు, లోపల ఒక గొంగడి, ఒక కంచం, ఒక చెంబు. ఇంట్లో ఉన్న ఇద్దరు కోడళ్ళం నెలకోసారి ఎవరి వంతు వస్తే వాళ్ళం అందులో కూర్చునేవాళ్ళం. ఆ మూడు రోజులూ ఎవరినీ ముట్టకూడదు, వంటింటి ఛాయలకు పోకూడదు, మంచినీళ్ళు పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగాలి. పిల్లలు దగ్గరికి ఉరికొస్తుంటే "కాకి ముట్టింది, రావద్దు" అని తరిమేవాళ్ళం. నాందేడ్‌లో మరాఠీ వాళ్ళు అనే మాటే అది, మా తెలుగు ఇళ్ళలోనూ అలవాటైపోయింది. ఆ కాకిని ఏ పిల్లవాడూ చూసిన పాపాన పోలేదు, అయినా అందరూ నమ్మేవారు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గదిని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. నిజామాబాద్‌లో ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నదాన్ని, నన్ను పట్టుకుని ఈ కొట్టులో కూర్చోబెడతారా అని గొణిగేదాన్ని. ఏడాది తిరిగేసరికి అసలు సంగతి తెలిసింది. లేచింది మొదలు రొట్టెలు కొట్టడం, నీళ్ళు తోడడం, పప్పులు విసరడం తప్ప వేరే పని లేని ఆ ఇంట్లో ఆడమనిషి నడుం వాల్చగలిగే చోటు అదొక్కటే. నేను అందులో పాత మరాఠీ పత్రికలు చదివేదాన్ని. మా సుందరక్క నిద్రపోయేది. సుందరబాయి నాకు తోడికోడలు, మా బావ రామకిషన్ భార్య. ఆమె నిద్ర చూస్తే ఎవరికైనా అసూయ పుట్టేది. గది ముందు బాజాలు మోగినా ఒత్తిగిల్లేది కాదు.

మా ఇంటికి పెద్ద మా అత్త లీలాబాయి. మామగారు పోయాక మోండా బజారులో అడతి దుకాణం కొడుకులిద్దరూ చూసుకునేవారు. రైతులు తెచ్చిన పత్తి, జొన్నలు అమ్మిపెట్టడం వాళ్ళ పని. మిగతా లోకమంతా మా అత్త చూసుకునేది. ఆమె మాట్లాడితే ఇత్వారా పేటలో మా గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వినపడేది. నా భర్త నందకిషోర్ తల్లికి కొంత భయపడేవాడు. మా బావ పూర్తిగా భయపడేవాడు. అమ్మ ఎండ అంటే గొడుగు తెచ్చేవాడు, వాన అంటే అదే గొడుగు మళ్ళీ తెచ్చేవాడు. మనిషి మంచివాడే, కానీ ఆ మంచితనానికి సొంత బుర్ర లేదు.

సుందరక్కకు ఐదుగురు పిల్లలు. నాకు పెళ్ళై నాలుగేళ్ళైనా ఒక్కరూ లేరు. ఆమె ఐదో కాన్పు డాక్టర్ వత్సలాబాయి దవాఖానాలో అయింది. రక్తం ఆగక డాక్టరమ్మ తెల్లచీర ఎర్రబడింది. చివరకు ఎలాగో ఆగింది. మరునాడు ఆమె నాతోనూ అక్కతోనూ ఒకే మాట చెప్పింది, "ఇంకో కాన్పు వస్తే ఈమెను కాపాడడం నా వల్ల కాదు." ఆ మాట ఇంటికి మోసుకొచ్చి చెబితే మా అత్త తేలిగ్గా తీసేసింది.

"డాక్టర్లు అట్లనే అంటరు. నాకు తొమ్మిది కాన్పులైనయ్. నేనేమన్న సచ్చిన్నా?"

బావ తల ఊపాడు. అంతటితో ఆ సంగతి ముగిసిపోయింది, మగవాళ్ళ వరకు.

డెబ్భయ్యో సంవత్సరం చలికాలంలో ఒకరోజు మిద్దె మీద మిరపకాయలు ఎండబెడుతుంటే సుందరక్క నా పక్కన కూలబడింది. ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే మనిషి ఆ పూట మిరపకాయల్ని చూస్తూ కూర్చుంది.

"ఉమా, నాకు నెల తప్పింది."

"పోయిన నెల గదిల కూసున్నవు కదక్కా?"

"ఊకెనే కూసున్న. అత్తమ్మకు తెల్వద్దని."

నేను ఇంకేమీ అడగకముందే ఆమె కొంగు ముడి విప్పి ఒక ఎండు వేరు చూపించింది. మా గల్లీ చివర ఉండే మంత్రసాని జనాబాయి ఇచ్చిందట. ఆ వేరు ఏం చేస్తుందో నాకు తెలుసు. ముందటి ఎండాకాలంలో గాజుల వాళ్ళ కోడలికి ఏం చేసిందో గల్లీలో అందరికీ తెలుసు, పైకి మాత్రం విషజ్వరంతో పోయిందన్నారు. నేను ఆ వేరు లాక్కుని కిందికి దిగి పొయ్యిలో వేశాను. మళ్ళీ మిద్దెక్కి ఆమెను నోటికి వచ్చినట్టు తిట్టాను. చిన్నదాన్ని, పెద్దదాన్ని తిట్టకూడదని తర్వాత గుర్తొచ్చింది.

"మరేం జెయ్యమంటవే?" అంది ఆమె, ఏడుపు రాకుండా. "కంటె నేను పోత. అయిదుగురు పిల్లలు ఎవరి ముఖం జూడాలె?"

"డాక్టరమ్మ కాడికి పోదాం."

"అది నేరమట కదా? పోలీసోల్లు పట్టుకపోతరట."

నేరమే. చట్టం అప్పటికి ఇంకా మారలేదు, మారడానికి మరో రెండేళ్ళు పట్టింది. కడుపు తీసినవాళ్ళకూ జైలే, తీయించుకున్నవాళ్ళకూ జైలే. వేరు ఇచ్చే జనాబాయిని మాత్రం ఎవరూ పట్టుకుపోయినట్టు నేను వినలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు నూరాలనిపిస్తుంది.

డాక్టర్ దగ్గరికి పోవడానికి ఇంట్లో ఒక సాకు కావాలి. అది నా దగ్గర నాలుగేళ్ళుగా తయారుగా ఉంది. "పిల్లల కోసం డాక్టరమ్మకు సూపిచ్చుకుంట అత్తమ్మా, తోడు అక్కను తీసుకపోత" అన్నాను. మా అత్త ముఖం వెలిగిపోయింది.

"ఇన్నొద్దులకు బుద్ధి అచ్చింది. పోండ్రి, పోండ్రి. నేను అప్పటిసంది మొత్తుకుంటనే ఉన్న."

నాకు బొట్టు పెట్టి మరీ పంపింది. టాంగాలో కూర్చున్నాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బిడ్డ కావాలని నేను రాత్రులు దిండు తడిపిన దాన్ని. నా కడుపు పండాలని పెట్టిన బొట్టుతో అక్క కడుపు సంగతి తేల్చడానికి పోతున్నాను. బాధగానే ఉంది. కానీ ఇంకా పుట్టని బిడ్డ కంటే నా పక్కన వణుకుతూ కూర్చున్న మనిషి నాకు ఎక్కువ. అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

వత్సలాబాయి పొట్టి మనిషి, లావు కళ్ళద్దాలు, అంతకంటే లావు గొంతు. అక్కను పరీక్ష చేసి బయటికి వచ్చి మా ఇద్దరినీ మరాఠీలో కడిగేసింది. నేను చెప్పలేదా, మీ మగవాళ్ళకు చెవులు లేవా, పశువుల్నైనా ఇంతకంటే బాగా చూస్తారు కదా అని. అంతా అయ్యాక కుర్చీలో కూలబడి కళ్ళద్దాలు తుడుచుకుంది.

"తల్లి ప్రాణం కాపాడడానికి చేస్తే చట్టం తప్పు పట్టదు. కానీ ఆ మాట కోర్టులో రుజువు చేసుకునే లోపల నా దవాఖానాకు తాళం పడుతుంది. రేపటి నుంచి కాన్పులకు వచ్చేవాళ్ళు ఎక్కడికి పోతారు? ఇది మన ముగ్గురి మధ్యే ఉండాలి. ఎల్లుండి పొద్దున్నే రండి."

ఆమె పెట్టిన షరతులు రెండు. వారం రోజులు అక్క మంచం దిగకూడదు, బిందె ఎత్తకూడదు. జ్వరం కనుక వస్తే సిగ్గుపడకుండా ఆ క్షణమే కబురు పెట్టాలి.

"మీ ఇళ్ళలో కోడలిని వారం రోజులు ఎవరు పడుకోనిస్తారు? ఏమని చెబుతారు?" అని ఆమే మళ్ళీ నిట్టూర్చింది.

అప్పుడు తట్టింది నాకు. "గది ఉంది కదా బాయీ! టాంగా దిగంగనే అక్క బయట కూసున్న అంటది. ఒక్కలు ముట్టరు, ఒక్కలు పని జెప్పరు, మగోల్లు ఆ దిక్కే సూడరు. మూడు రోజులకు తక్కువైతలేదంటే ఇంకో నాలుగు రోజులు గూడ ఎవరేమనరు."

డాక్టరమ్మ నన్ను కళ్ళద్దాల మీదుగా చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. "అగ బాయీ! పదిహేనేళ్ళుగా ఆ గదుల్ని తిడుతూనే ఉన్నాను. అందులో ఇంత మంచి వార్డు ఉందని నాకు ఒక్కరూ చెప్పలేదు."

డాక్టరమ్మ మళ్ళీ రమ్మందని అదే సాకుతో పోయాం, అనుకున్న రోజున అనుకున్న పని అయిపోయింది. నేను బయట బల్ల మీద కూర్చుని తెలిసిన దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచాను. అక్క తెల్లబడి, నెమ్మదిగా నడిచి వచ్చింది, వస్తూనే "ఆకలైతుందే" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఇంటి ముందు టాంగా ఆగగానే అక్క గుమ్మం బయటే నిలబడి మెల్లగా చెప్పింది, "అత్తమ్మా, నేను బయట కూసున్న."

"టాంగలనేనా?" మా అత్త రెండడుగులు వెనక్కి వేసింది. "ఎనుక సందులకెల్లి పోండ్రి. ఓ ఉమా, నువ్వు దాన్ని ముట్టినవా? పోయి తానం జెయ్యి. ఆ టాంగాయనను గూడ కడుక్కొమ్మను."

నేను వణుకుతూ చన్నీళ్ళ స్నానం చేశాను. అయినా సంతోషంగానే ఉంది. అక్క గొంగడి మీద పడుకుని, కప్పుకుని, ఎప్పటిలాగే మొద్దు నిద్రపోయింది. మా అత్త వేళకు అన్నం, నెయ్యి, బెల్లం దూరం నుంచి జారవిడిచేది. పిల్లలు కాకి ఎక్కడుందో వెతుక్కుంటూ ఇంటి వెనక తిరిగేవారు. మేమెంత తెలివైనవాళ్ళమో అని నాకు నేనే మురిసిపోయాను.

మూడో రోజు పొద్దున నీళ్ళు పోయడానికి వెళితే అక్క దోసిలి పట్టలేదు. ముఖం ఎర్రగా కాలిపోతోంది, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. గొంగడి మీద గొంగడి కప్పినా వణుకు ఆగడం లేదు. తడిగుడ్డ వేయాలి, కాళ్ళు రుద్దాలి, ఒక మనిషి పక్కన కూర్చోవాలి. ఆమెను నేను ముట్టడం మా అత్త చూసిందంటే వంద ప్రశ్నలు వేస్తుంది. ఇంక ఏమీ ఆలోచించలేదు. గది గడప మీద నిలబడి "అత్తమ్మా, నేను గూడ బయట కూసున్న" అని కేకేసి లోపలికి దూరి తలుపు వేసుకున్నాను.

అక్క నుదుటి మీద తడిగుడ్డ వేశాక గాని నేను చేసిన తెలివితక్కువ పని నాకే అర్థం కాలేదు. జ్వరం వస్తే డాక్టరమ్మకు ఎవరు కబురు చెప్పాలి? నేను. మరి నేను ఎక్కడ ఉన్నాను? బయట కూర్చున్న ఆడది గల్లీలోకి ఎట్లా పోతుంది? సంగతి తెలిసిన మనుషులం ఇద్దరమే, ఇద్దరం ఒకే గదిలో మమ్మల్ని మేమే బంధించుకుని కూర్చున్నాం. ఇలాంటి తప్పు ఏ మగవాడూ చేయలేడు, వాడికి ఆ గదే లేదు.

ఇంతలో తలుపు చప్పుడైంది. మా అత్త అప్పుడే తలస్నానం చేసి మడిచీరలో ఉంది. గడపకు అవతల, అంటు తగలకుండా దూరంగా నిలబడింది. పొద్దున్నే వంట మొత్తం నెత్తిన పడ్డ కోపం ముఖంలో కనిపిస్తోంది.

"ఉమా, పోయిన ఏకాదశి నాడు నువ్వు యాడున్నవు?"

"ఇంట్లనే అత్తమ్మా."

"ఇంట్ల యాడ? గీ గదిల. నువ్వు లేకుంటె నేను ఉపాసం తోటి నీ మొగనికి రొట్టెలు జేసిన. మల్ల ఏకాదశి ఇంక రానే లేదు. గింతల్నె నిన్ను కాకి మల్ల ఎట్ల ముట్టింది?"

మా అత్తకు చదువు రాదు, కానీ వంటింటి వంతులన్నీ ఆమె మా లెక్క మీదే నడిపేది. మేము ఎప్పుడు కూర్చున్నామో మేము మరచిపోయినా ఆమె మరచిపోదు. ఆ సంగతి నేనెట్లా మరచిపోయానో నాకే తెలియదు.

"ఒక్కోపారి గట్ల అయితది అత్తమ్మా" అన్నాను.

"తొమ్మిది మందిని కన్నదానికి జెప్పుతున్నవా?"

నా వెనక నుంచి అక్క గొంతు వినిపించింది, బాగా నీరసంగా.

"ఉమను ఏమనకుండ్రి అత్తమ్మా. నేనే కడుపు తీయించుకున్న. నాకు జ్వరం అచ్చింది, అందుకే అది నా కాడ కూసున్నది."

మా అత్త కేకలు వేయడానికి నోరు తెరిచింది. కేకలు వేస్తే గోడ అవతల ద్రౌపది వింటుంది. ద్రౌపది వింటే మధ్యాహ్నానికి మోండా వింటుంది. సాయంత్రానికి డాక్టరమ్మ దవాఖానాకు తాళం, అక్కకు మందు ఇచ్చే చేయి లేదు. నేను చేతులు జోడించాను. మా అత్త నా వైపు చూడనే లేదు.

"ఎవరు జేసిన్రు? జనాబాయా? వేరు పెట్టిందా?"

"కాదత్తమ్మా. డాక్టరమ్మ. దవాఖానల."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. ఒక కాలు గడప దాకా వచ్చింది, ఆగింది. తర్వాత గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

అయిపోయింది అనుకున్నాను. కాకి ముట్టినా, గద్ద ముట్టినా ఇక గల్లీలో పడి దవాఖానాకు పరుగెత్తాల్సిందే అని కొంగు దోపుకుని లేచాను. అప్పుడే వాకిట్లోంచి మా అత్త కంఠం లేచింది.

"ఒరేయ్ రామకిషన్! ఒరేయ్ నందకిషోర్! ఎక్కడోల్లు అక్కడ్నే ఉండుండ్రి. నన్నెవరు ముట్టకుండ్రి. నేను బయట కూసున్న!"

వాకిట్లో ఏదో ఇత్తడి గిన్నె కింద పడి దొర్లుకుంటూ పోయింది. మా అత్తకు అప్పటికి అరవై దాటాయి. ఆమె మనవరాలు ఇంకో రెండేళ్ళలో ఆ గదికి వచ్చే వయసుది. ఇద్దరు కొడుకులూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఉంటారు. అడగడానికి లేదు, ఇది మగవాళ్ళు నోరెత్తే విషయం కాదు. ద్రౌపది మాత్రం గోడ మీద తల పెట్టనే పెట్టింది.

"ఏంది లీలక్కా, గీ వయసులనా?"

"దేవుడిచ్చింది వద్దంటమా? నువ్వు గూడ మొక్కుకో, నీకు గూడ ఇస్తడు."

ద్రౌపది తల దిగిపోయింది. మా అత్త తన చాప చంకలో పెట్టుకుని గదిలోకి వచ్చి తలుపు వేసింది. మడిచీరతోనే నేల మీద కూర్చుని అక్క తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఇంట్లో పన్నెండేళ్ళు కాపురం చేసిన కోడలిని ఆమె అట్లా పట్టుకోవడం అదే మొదటిసారి.

"అత్తమ్మా, ముట్టిన్రు" అంది అక్క, జ్వరంలో కూడా భయపడి.

"ఊకో బిడ్డా. ఒక్కపారి ముట్టి తానం జేస్తె ఒడిశిపోతదా? పొద్దుకు ఎన్నిమాట్ల ముట్టాలె, ఎన్నిమాట్ల మునగాలె? జలుబు జేసి నేనే ముందుగల్ల పోత. దానికంటె గీ గదిల కూసునుడే నయం."

"డాక్టరమ్మను పిలవాలె అత్తమ్మా. ఎట్ల?" అన్నాను నేను.

"నేను పిలిచిన కద."

నాకు అర్థం కాలేదు. ఆమె చిన్నగా నవ్వింది. "జర ఆగు. నీ బావ బాయి కాడికి అస్తడు. అడగనీకి శరం, ఊకోనీకి భయం. అచ్చి దగ్గుతడు సూడు."

ఆమె మాట పూర్తయ్యేలోపే బావి దగ్గర దగ్గు వినిపించింది.

"అమ్మా..." అన్నాడు బావ. "మన గల్లీల మార్కండేయ వాళ్ళ నాయినమ్మకు గూడ గిట్లనే... గీ వయసుల గిట్ల అయితె అది మంచిది కాదంటమ్మా. నేను డాక్టరమ్మను పిలుచుకస్త."

"వద్దురా. ఊకెనే ఆమెను తిప్పలు పెట్టుడెందుకు?"

"నువ్వు ఊకో!"

పుట్టి బుద్ధెరిగాక తల్లిని ఆ మాట అనడం మా బావకు అదే మొదలు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తిన చప్పుడు వినిపించింది. మా అత్త కళ్ళు తుడుచుకుంది.

"బువ్వ తినకుంటనే ఉరికిండు, పిచ్చోడు."

టాంగా వచ్చేలోపు ఆమె అక్క కాళ్ళు రుద్దుతూ ఒక సంగతి చెప్పింది. ఆమె చెల్లెలు నర్మదను కర్ఖేలి అనే ఊళ్ళో ఇచ్చారట. ఏడో కడుపు వద్దని మంత్రసాని చేత వేరు పెట్టించుకుందట. ఇట్లాంటి గదిలోనే వేసి పైనుంచి నీళ్ళు పోశారట.

"ఒక్క ముండ ముట్టలే. అంటు, అంటు అనుకుంట అందరు గడప అవతల నిలబడ్డరు. నన్ను గూడ పోనియ్యలే, మా అమ్మ రెక్క పట్టుకున్నది. నీళ్ళు నోట్లె పడ్డయో, ముఖం మీద పడ్డయో తెల్వది. అందుకే నాకు గీ పని అంటెనే కడుపుల మంట. కంటె సావరు, తీస్తెనే సస్తరు అనుకున్న." అక్క నుదుటి మీద గుడ్డ మార్చింది. "నువ్వు నాకు జెప్పాల్సుండె సుందరా. జెప్పేటట్టు నేను ఉండకపోతి, అది నిజమే."

అక్క ఆమె చేయి గట్టిగా పట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ముగ్గురిలో జ్వరమూ, చెల్లెలు పోయిన బాధా లేనిది నేనొక్కదాన్నే, ఎక్కువ ఏడ్చిందీ నేనే.

డాక్టర్ వత్సలాబాయి గల్లీ అందరి ముందు నుంచి, సంచీ పట్టుకుని, పట్టపగలు మా ఇంట్లోకి నడిచి వచ్చింది. పాపం ముసలామెకు ఏదో అయిందట అని గల్లీ అంతా దారి ఇచ్చింది. గదిలోకి వంగి వచ్చి "కాయ ఝాలఁ ఆజీ?" అని, ఏమైంది అవ్వా అని అడుగుతూ మా అత్త చేయి పట్టుకోబోయింది.

"నాకేం కాలే బాయీ. మస్తుగున్న. గీ పిల్లను జూడు."

డాక్టరమ్మ ఒక్కసారి మా ముగ్గురినీ చూసింది. ఇంకేమీ అడగలేదు. సూది వేసింది, మాత్రలు ఇచ్చింది, అక్క పొట్ట నొక్కి చూసింది, చాలాసేపు నాడి పట్టుకుని కూర్చుంది. ఇంకో పూట ఆగితే కష్టమయ్యేదని లేస్తూ చెప్పింది.

బయట బావ చేతులు నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. డాక్టరమ్మ అతనికి జబ్బు ఎవరిదో చెప్పలేదు, ఒక్క అబద్ధమూ ఆడలేదు. "జబ్బు గట్టిదే, కానీ తగ్గుతుంది. వారం రోజులు ఈ గదిలోంచి ఒక్కరిని కూడా పనికి పిలవకండి. రోజూ వచ్చి సూది వేసి పోతాను."

అక్కడ మొదలైంది మగవాళ్ళ పరీక్ష. ఇంట్లో ఆడవాళ్ళంతా ఒకేసారి బయట కూర్చున్నారు. ఐదుగురు పిల్లలు, ఇద్దరు అన్నదమ్ములు, ఒక పొయ్యి. మొదటి రోజు నా భర్త వండిన ఖిచిడీ కింద మాడింది, మధ్యలో ఉడకలేదు, పైన నీళ్ళు తేలాయి. పిల్లలకు అది ఎంతో నచ్చింది. మా అత్త గదిలో కూర్చుని వంటిల్లు నడిపింది.

"ఒరేయ్, పప్పు కడిగినవా?"

"కడగాల్నా?"

"అయ్యో నా కర్మ! ఉప్పేసినవా?"

"ఏది ఉప్పు అమ్మా? తెల్లటియి రెండు డబ్బలున్నయ్!"

ఆ సాయంత్రం పప్పు తియ్యగా వచ్చింది. గదిలో ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. జ్వరం దిగుతున్న అక్క కూడా నవ్వి, నొప్పి పుట్టి, "నవ్విచ్చకుండ్రి" అని బతిమాలింది. నేను పత్రికల్లో కథలు చదివి తెలుగులో చెబుతుంటే మా అత్త ప్రతి కథలోని అత్తనూ తిట్టేది. పెళ్ళైనప్పటి నుంచి ఇన్ని రోజులు ఒక్కచోట కూర్చున్నది లేదని, నడుం నొప్పి కూడా పోయిందని అంది. వారం దాటేసరికి అక్క లేచి కూర్చుని రొట్టె అడిగింది. నా భర్త చేసిన రొట్టె చూసి, వద్దులే అంది.

చివరి రోజు సూది వేయడానికి వచ్చిన డాక్టరమ్మను మా అత్త సూటిగా అడిగింది, మళ్ళీ ఇట్లా అయితే ఏం చేయాలని. మళ్ళీ కాకుండా ముందే చూసుకోవాలని ఆమె చెప్పింది. సుందరబాయి ఒంటికి ఇంకో కోత పెట్టడం తనకు ఇష్టం లేదని, మగవాడికైతే చిన్న ఆపరేషన్ అని, సర్కారు దవాఖానాలో గడియసేపట్లో చేస్తారని చెప్పింది.

తలస్నానాలు చేసి బయటికి వచ్చిన పూటే మా అత్త పెద్ద కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది. బావ లేచి అక్క దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నాకెందుకు జెప్పలేదు సుందరా?"

"మీకు జెప్తె మీరు అత్తమ్మకు జెప్తరు. అత్తమ్మ ఏమంటె మీరు అదే అంటరు. నేను సచ్చినంక గూడ ఏం జెయ్యాల్నో ఆమెనే అడుగుదురు."

బావ తల్లి వైపు చూశాడు, అలవాటు కొద్దీ.

"నన్నేం జూస్తవురా? నేను ఏం జెప్ప. భార్య నీది."

అతను ఆ రాత్రంతా ఆలోచించి ఉంటాడు. పొద్దున ఎవరూ చెప్పకుండానే తెల్ల ధోతీ కట్టుకుని, "నేను సర్కారు దవాఖానకు పోయస్త" అని అక్కతో మాత్రమే చెప్పి బయలుదేరాడు. మధ్యాహ్నానికి కాళ్ళు దూరదూరంగా వేస్తూ తిరిగొచ్చాడు. వారం రోజులు బస్తా ముట్టవద్దని, కదలకుండా పడుకోమని పంపారట. ముందు గదిలో పడుకుంటే మోండా నుంచి వచ్చినవాళ్ళందరూ ఏమైంది, ఏమైంది అని అడుగుతారు. పిల్లల మధ్య పడుకుంటే పొట్ట మీదే ఎక్కుతారు. మా అత్త చాప చుట్ట తీసి చేతిలో పెట్టి వెనక గది చూపించింది.

సాయంత్రం ద్రౌపది గోడ మీద తల పెట్టింది. గది తలుపు మూసి ఉంది, నేను బట్టలు ఉతుకుతున్నాను, అక్క బియ్యం ఏరుతోంది, మా అత్త పూజకు పూలు కోస్తోంది. ద్రౌపది మమ్మల్ని ఒక్కొక్కరినే చూసి లెక్కపెట్టుకుంది.

"అందరు ఇక్కడ్నే ఉన్నరు. మరి గదిల ఎవరు కూసున్నరు లీలక్కా?"

"మా రామకిషన్."

ద్రౌపది నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. లోపలి నుంచి బావ "సుందరా, జర నీళ్ళు" అని మెల్లగా పిలిచాడు. అక్క చెంబు తీసుకుని వెళ్ళి గడప మీద నిలబడింది. అతను మా అందరినీ చూసి చూసి నేర్చుకున్నట్టున్నాడు, లేచి కూర్చుని దోసిలి పట్టాడు. ఆమె చెంబు ఎత్తింది కానీ పోయలేకపోయింది. నవ్వు ఆపుకోలేక గడప మీదే కూర్చుండిపోయింది, చాలాసేపటికి గాని లేవలేదు. తర్వాత లోపలికి వెళ్ళి అతని పక్కన కూర్చుని, చెంబు అతని చేతికే ఇచ్చింది.